ఏడాది దాటినా రెండు రక్తం పల్చబడే మందులూ వాడమంటున్నారు. డాక్టర్లు అసలు గైడ్‌లైన్స్ చూస్తారా?

గుండ్లకమ్మ · మే 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. నాన్నకు 68 ఏళ్ళు, బరువు 54 కిలోలు. పోయిన ఏడాది సంక్రాంతికి వారం ముందు గుండెపోటు వస్తే ఒంగోలు తీసుకెళ్ళాం. యాంజియో చేసి ఒక స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు రక్తం పల్చబడేవి రెండు (టికాగ్రెలార్ 90 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఆస్పిరిన్ 75), కొలెస్ట్రాల్ మాత్ర, గ్యాస్ మాత్ర రాశారు. నెల తిరిగేసరికి ఆయాసం వస్తోందని నాన్న ఒకటే గోల. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే టికాగ్రెలార్ తీసేసి ఒక క్యాప్సూల్ రాశారు. అప్పటినుంచి అదే నడుస్తోంది.

ఇప్పటికి పదహారు నెలలు. ఈమధ్య చేతులమీద కమిలిన మచ్చలు వస్తున్నాయి. గేదెకు తాడు కట్టేటప్పుడు కాస్త ఒరుసుకున్నా అక్కడ నల్లగా అయిపోతోంది. పోయిన వారం రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.4. క్యాప్సూల్ రాసిన డాక్టర్‌ను అడిగితే "గుండె మందులు జీవితాంతం వాడాలమ్మా, ఆపొద్దు" అన్నారు. గుంటూరులో మా బంధువులు చెప్పిన ఇంకో డాక్టర్‌కు చూపిస్తే "ఏడాది దాటింది కదా, రెండూ ఎందుకు, ఒకటి ఆపాల్సింది" అన్నారు.

ఇద్దరూ గుండె డాక్టర్లే. ఎవరి మాట వినాలి? దీనికి రాసిపెట్టిన పద్ధతి అంటూ ఉంటుంది కదా, అది చూసి రాస్తారా, ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పెన్నాతీరం · మే 11, రాత్రి 10:05

అక్కా, ముందు ఒక్క మాట. ఎవరు ఏం చెప్పినా ఈ రాత్రికి మాత్రం ఏదీ ఆపకండి. మా అమ్మ కథ చెబుతాను.

అమ్మకు స్టెంట్ వేసిన నాలుగో నెలలో పన్ను నొప్పి వచ్చింది. పన్ను పీకాలి, రక్తం ఆగదు, వారం ముందునుంచే ఆ మాత్రలు ఆపేయండి అని పళ్ళ డాక్టర్ చెప్పారు. గుండె డాక్టర్‌ను అడగాలని మాకు తట్టలేదు, ఆయనా అడగమనలేదు. రెండు మాత్రలూ ఆపేశాం. పన్ను పీకిన మూడో రోజు తెల్లవారుజామున చెమటలు, ఛాతీలో నొప్పి. స్టెంట్ మూసుకుపోయింది. మళ్ళీ బెలూన్ వేసి తెరిచారు. అమ్మ బతికింది గానీ గుండె పంపింగ్ బాగా పడిపోయింది. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేదు.

డీఎం_రెసిడెంట్ · మే 11, రాత్రి 11:30

పెన్నాతీరం గారి మాట అందరూ గుర్తుంచుకోవాలి. పన్ను పీకడానికి సాధారణంగా ఈ మందులు ఆపక్కర్లేదు, అక్కడే దూది నొక్కిపెట్టి రక్తం ఆపగలరు. పెద్ద ఆపరేషన్ అయితే ఆస్పిరిన్‌కు తోడుగా ఇచ్చే రెండో మందుల్లో క్లోపిడోగ్రెల్ ఐదు రోజుల ముందు, ప్రాసుగ్రెల్ ఏడు రోజుల ముందు ఆపుతారు. టికాగ్రెలార్‌కు మూడు నుంచి ఐదు రోజులు. కానీ స్టెంట్ వేసిన మొదటి నెలల్లో వాయిదా వేయగలిగిన ఆపరేషన్‌ను వాయిదా వేయడమే పద్ధతి. అది కూడా గుండె డాక్టర్, ఆపరేషన్ చేసే డాక్టర్ మాట్లాడుకుని తేల్చాలి.

గుండ్లకమ్మ గారూ, నేను కార్డియాలజీలో శిక్షణలో ఉన్నాను. మీ నాన్నగారిని చూడకుండా ఏది ఆపాలో చెప్పను, చెప్పకూడదు. పద్ధతి ఏమిటో మాత్రం చెబుతాను.

స్టెంట్ అంటే రక్తనాళంలో లోహపు జాలీ. దాని మీద లోపలి పొర పెరిగి కప్పేదాకా ప్లేట్‌లెట్లు (రక్తాన్ని గడ్డకట్టించే కణాలు) అక్కడ చేరి గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆస్పిరిన్‌తోపాటు ఇంకో మందు. ఈ జోడీకి గుండెపోటు వచ్చినవాళ్ళలో పునాది వేసింది 2001లో వచ్చిన క్యూర్ అధ్యయనం. 2007లో ప్రాసుగ్రెల్, 2009లో టికాగ్రెలార్ క్లోపిడోగ్రెల్‌ను మించాయని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. టికాగ్రెలార్ మీద చేసిన ప్లేటో అధ్యయనంలో 18,624 మంది ఉన్నారు. ఏడాదిలో గుండె, రక్తనాళాల జబ్బుతో చావు, గుండెపోటు, పక్షవాతం, ఈ మూడింట్లో ఏదో ఒకటి వచ్చినవాళ్ళు క్లోపిడోగ్రెల్ వైపు 11.7 శాతం, టికాగ్రెలార్ వైపు 9.8 శాతం. అందుకే యూరప్, అమెరికా గైడ్‌లైన్స్ రెండూ గుండెపోటులో స్టెంట్ వేసినవాళ్ళకు ఈ కొత్త మందులనే ముందు చూడమంటాయి. గడువు మామూలుగా పన్నెండు నెలలు. గుండెపోటు లేకుండా స్టెంట్ వేస్తే ఆరు నెలలు. రక్తస్రావం ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళకు ఇంకా తగ్గిస్తారు, ఒక్కోసారి ఒక నెల, మూడు నెలలకే.

పన్నెండు నెలల తర్వాత ఒకటి ఆపి ఒకటి ఉంచడమే ఎక్కువమందికి పద్ధతి. "జీవితాంతం వాడాలి" అన్న మాట ఆ ఉంచే ఒక్కదానికి నిజం. రెంటికీ కాదు. మళ్ళీ గుండెపోటు వచ్చే ముప్పు బాగా ఎక్కువుండి, రక్తస్రావం భయం లేనివాళ్ళకు ఏడాది దాటి రెండూ ఇవ్వడానికీ గైడ్‌లైన్స్‌లో చోటుంది. కానీ హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే ఆ ఒక్క కారణంతోనే మనిషిని రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవాళ్ళలో లెక్కవేస్తాం. మీ నాన్నగారిది 10.4. కాబట్టి గుంటూరు డాక్టర్ గారు అడిగింది సరైన ప్రశ్నే.

కడియం_పూలతోట · మే 12, ఉదయం 6:50

అన్నా, ఇంత స్పష్టంగా రాసి ఉన్నప్పుడు మరి ఎందుకు పాటించరు? కంపెనీ రెప్‌లు వచ్చి ఏది చెబితే అది రాస్తారని మా ఊళ్ళో అందరూ అంటారు. మా బాబాయికి మొదట్లోనే క్లోపిడోగ్రెల్ రాశారు, మంచి మందు ఉండగా ఇది రాసి మోసం చేశారనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాం.

డీఎం_రెసిడెంట్ · మే 12, మధ్యాహ్నం 2:15

కంపెనీల ప్రభావం లేదని నేను అనను, ఉంది. కానీ మీ బాబాయి గారి విషయంలో ఒకటి అడుగుతాను. మొదట దగ్గర్లోని ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేసి తర్వాత పెద్దాసుపత్రికి పంపారా? మన దగ్గర చాలామందికి జరిగేది అదే, స్టెంట్ వేసే ఆసుపత్రి గంటల దూరంలో ఉంటుంది కాబట్టి. ఆ ఇంజెక్షన్ పడినప్పుడు దాంతోపాటు ఇవ్వాల్సింది క్లోపిడోగ్రెలే. అక్కడ అది గైడ్‌లైన్ ప్రకారం రాసిన మందు.

ఇంకా ఉన్నాయి. ముందెప్పుడైనా పక్షవాతం వచ్చినవాళ్ళకు ప్రాసుగ్రెల్ ఇవ్వకూడదు. 75 ఏళ్ళు దాటినవాళ్ళకు, 60 కిలోల లోపు బరువున్నవాళ్ళకు ఇవ్వాలంటే బాగా ఆలోచించాలి. మన పల్లెల్లో 60 కిలోల లోపు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. గుండె దడ జబ్బుకు వేరే రక్తం పల్చబడే మందు వాడుతున్నవాళ్ళకు దానికి తోడుగా క్లోపిడోగ్రెలే ఇస్తాం, ఆస్పిరిన్‌ను తొందరగా ఆపేస్తాం. టికాగ్రెలార్‌తో ఆయాసం రావడం తెలిసిన విషయమే. ప్లేటోలో 13.8 శాతం మందికి వచ్చింది, క్లోపిడోగ్రెల్ వాడినవాళ్ళలో 7.8. గుండ్లకమ్మ గారి నాన్నగారికి అందుకే మార్చి ఉండొచ్చు. అందులో తప్పు లేదు.

చీటీలో గైడ్‌లైన్‌లో ఉన్న మందు కనపడనంత మాత్రాన తప్పు అనలేం. మార్చడానికి కారణం ఉందా, ఆ కారణం ఎక్కడైనా రాశారా అన్నదే చూడాలి. మాలో చాలామందిమి ఆ రెండోదానిలోనే తప్పుతున్నాం. ఓపీలో గంటకు ఇరవై ముప్పై మందిని చూసేటప్పుడు పాత చీటీని చూసి "ఇవే వాడండి, మూడు నెలలకు రండి" అని రాసేయడం నేను కూడా చేశాను. స్టెంట్ ఏ తేదీన వేశారో తిప్పి చూడకుండా రాశాను. చెప్పడానికి బాధగానే ఉంది, కానీ జరుగుతున్నది ఇదే.

మందులషాపు_నిజామాబాద్ · మే 12, రాత్రి 8:20

గుండ్లకమ్మ మేడమ్, ఆ క్యాప్సూల్ స్ట్రిప్ వెనక ఏం రాసుందో చూసి చెప్పండి. అలాగే ఇంట్లో మీ నాన్నగారు వేసుకునే మాత్రలన్నీ, అన్నీ అంటే మోకాళ్ళ నొప్పులకు వేసుకునేవి కూడా, ఒకచోట పోసి ఒక్కొక్క స్ట్రిప్ పేరు రాయండి. పదిహేడేళ్ళుగా షాపు నడుపుతున్నాను, ఇది ఊరికే అడగడం లేదు.

గుండ్లకమ్మ · మే 12, రాత్రి 9:55

నాన్న మాత్రలు స్వీటు డబ్బాలో పెట్టుకుంటారు. మంచం మీద పోసి చూశాను. క్యాప్సూల్ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు, ఫోన్ లైటు వేసి చదవాల్సొచ్చింది. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, రోసువాస్టాటిన్ 10 అని ఉంది. మూడూ ఒకే దాంట్లో అని నాకు ఇప్పుడే తెలిసింది.

దానికి తోడు విడిగా ఆస్పిరిన్ 75 స్ట్రిప్ ఇంకోటి ఉంది, సగం వాడింది. ఇదేంటి నాన్నా అంటే, "మొదటి డాక్టరు రాసిందే, ఆయన ఆపమనలేదుగా" అన్నారు. అంటే పదిహేను నెలలుగా రెండు ఆస్పిరిన్లు పడుతున్నాయి. డైక్లోఫెనాక్ స్ట్రిప్ ఒకటి దొరికింది, ఊళ్ళో ఆర్‌ఎంపీ మోకాళ్ళకు ఇచ్చిందట, వారానికి మూడు నాలుగు వేసుకుంటారట. గ్యాస్ మాత్ర మాత్రం లేదు. కడుపులో మంట లేదు కదా అని నాన్నే మానేశారు.

చూస్తుంటే చేతులు వణికాయి. ఇన్ని నెలలు నేనే పక్కన కూర్చుని భోజనం పెట్టి మాత్రలు వేసుకో నాన్నా అన్నాను.

మందులషాపు_నిజామాబాద్ · మే 12, రాత్రి 10:10

మేడమ్, మీ తప్పేమీ లేదు, అట్లా అనుకోకండి. నెలకు ఇలాంటివి రెండు మూడైనా చూస్తాను. పాత చీటీ, కొత్త చీటీ రెండూ పట్టుకొచ్చి రెండిట్లో మందులూ ఇవ్వమంటారు. పేర్లు వేరే, లోపల మందు ఒకటే. ఇచ్చేటప్పుడు మేం చూసి చెప్పాలి. కొన్ని షాపుల్లో చెప్పరు, అది మా వైపు తప్పు.

ఆ మూడు కలిపిన క్యాప్సూల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక్క మాత్రే కాబట్టి మరిచిపోకుండా వేసుకుంటారు, అది మంచిదే. కానీ అందులో ఒకటి ఆపాలంటే మొత్తం మార్చాలి. దాంతో ఆపాల్సిన సమయం వచ్చినా ఎవరూ దాని జోలికి పోరు. ఒక పెద్దాయన "ఏడాదైంది, రక్తం మందు ఆపమన్నారు" అని ఆ క్యాప్సూల్ మొత్తం మానేశాడు. కొలెస్ట్రాల్ మందు కూడా దాంతోపాటే పోయిందని ఆయనకు తెలియదు.

డీఎం_రెసిడెంట్ · మే 12, రాత్రి 11:05

నేను అడగాల్సిన ప్రశ్న షాపు వారు అడిగారు. రెండు ఆస్పిరిన్లు, క్లోపిడోగ్రెల్, డైక్లోఫెనాక్, పైగా కడుపును కాపాడే మాత్ర లేదు. కడుపులో నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉండొచ్చు. గ్యాస్ మాత్ర అని పిలవడం వల్లే ఈ చిక్కు. రెండు రక్తం మందులు వాడుతూ రక్తస్రావం ముప్పు ఉన్నవాళ్ళకు దాన్ని గ్యాస్ కోసం ఇవ్వం, కడుపులో పుండుపడి రక్తం కారకుండా ఇస్తాం. క్లోపిడోగ్రెల్‌తో అయితే పాంటాప్రజోల్ లాంటిది రాస్తాం. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తాయని 2009లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

మలం నల్లగా తారులా వస్తోందా అడగండి. వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రాకపోయినా రేపే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి డబ్బాలో దొరికినవన్నీ చదివి వినిపించండి. డైక్లోఫెనాక్, విడిగా ఉన్న ఆ ఆస్పిరిన్ సంగతి ముందు చెప్పండి.

ప్రజారోగ్య_విద్యార్థి · మే 13, ఉదయం 11:00

డాక్టర్లు గైడ్‌లైన్స్ పాటిస్తారా అన్న మొదటి ప్రశ్నకు వస్తాను. మన దేశంలో దీనిమీద మంచి లెక్కలే ఉన్నాయి. అవి చదివాక నా అభిప్రాయం మారింది.

2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో క్రియేట్ రిజిస్ట్రీ, అంటే గుండెపోటు రోగుల వివరాల లెక్క, వచ్చింది. 50 నగరాలు, 89 ఆసుపత్రులు, 20,468 మంది రోగులు. ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లను అడ్డుకునే మందు (ఆస్పిరిన్ లాంటిది) అందినవాళ్ళు నూటికి 97 మంది పైనే. అంటే మంచం మీద ఉన్నంతసేపూ మన డాక్టర్లు ఇస్తున్నారు. ఆ రిజిస్ట్రీలో బాధపెట్టేది వేరే ఉంది. పేదలకు గడ్డ కరిగించే ఇంజెక్షన్, కొలెస్ట్రాల్ మందు, స్టెంట్ అన్నీ తక్కువ అందాయి. 30 రోజుల్లో పేదల్లో 8.2 శాతం చనిపోతే డబ్బున్నవాళ్ళలో 5.5 శాతం. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి, ఎస్‌టీ ఎలివేషన్ గుండెపోటు (నాళం పూర్తిగా మూసుకుపోయే రకం) వాళ్ళలో సగం మందికి ఆరు గంటలో అంతకన్నా ఎక్కువో పట్టింది.

ఇప్పుడు 2011లో వచ్చిన ప్యూర్ అధ్యయనం చూడండి. అందులో ఆసుపత్రులకు కాదు, ఊళ్ళకు వెళ్ళి అడిగారు. గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ప్లేట్‌లెట్ మందు వాడుతున్నవాళ్ళు సంపన్న దేశాల్లో 62 శాతం, మన దేశం కూడా ఉన్న పేద దేశాల గుంపులో 8.8 శాతం. రెండు అధ్యయనాలు వేరు, మనుషులు వేరు, నేరుగా పోల్చకూడదని తెలుసు. అయినా ఆసుపత్రిలో 97, ఊళ్ళో 8.8! మందు రాయడం దగ్గర మనం ఓడిపోలేదు. ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతోందో చూసేవాళ్ళు లేక ఓడిపోతున్నాం. కొందరు మానేసి పోతున్నారు, కొందరు గుండ్లకమ్మ గారి నాన్నగారిలా ఎవరూ తిరిగి చూడక రెండింతలు వాడుతున్నారు. నాకు రెండూ ఒకే జబ్బులా కనపడుతున్నాయి.

కేరళలో ఒక ప్రయత్నం చేశారు. 63 ఆసుపత్రులు, 21,374 మంది రోగులు. చేరేటప్పుడు, పంపేటప్పుడు ఏమేం ఇవ్వాలో చెక్‌లిస్టు, నెలనెలా ఆసుపత్రి పనితీరు చూసుకునే పద్ధతి. 2018లో ఫలితం వచ్చింది. మందులు సరిగ్గా ఇవ్వడం మెరుగుపడింది గానీ 30 రోజుల్లో చావులు, మళ్ళీ గుండెపోట్లు లాంటివాటిలో లెక్కకు నిలిచే తేడా రాలేదు. ఇది చూసి చెక్‌లిస్టు దండగ అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 30 రోజుల లెక్కలో పదహారో నెల సమస్య కనపడదు.

స్టెంట్_2019 · మే 13, మధ్యాహ్నం 1:30

నాకు 2019లో స్టెంట్ పడింది. ఇప్పటికీ రెండూ వాడుతున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. రక్తస్రావం ఏమీ లేదు, మరి నేను కూడా అడగాలా?

డీఎం_రెసిడెంట్ · మే 13, మధ్యాహ్నం 3:40

అడగాలి సార్. మీకు రెండూ కావాల్సిన కారణం ఉండొచ్చు. ఎడమ ప్రధాన నాళంలో స్టెంట్ ఉందేమో, ఎక్కువ స్టెంట్లు ఉన్నాయేమో, షుగర్ ఉందేమో. కారణం ఉంటే చెబుతారు, లేకపోతే ఒకటి తగ్గిస్తారు. రెండు విధాలా మీకు మంచిదే.

లీడ్స్_నర్సమ్మ · మే 13, రాత్రి 11:50

నేను తెనాలి అమ్మాయిని, ఇంగ్లండ్‌లో కార్డియాక్ వార్డులో పనిచేస్తున్నాను. ఇక్కడ అంతా బాగుందని చెప్పడానికి రాయడం లేదు, ఇక్కడా తప్పులు జరుగుతాయి. కానీ ఒక అలవాటు చాలా నచ్చింది. పేషెంటు ఇంటికి వెళ్ళేటప్పుడు ఫ్యామిలీ డాక్టర్‌కు పంపే ఉత్తరంలో టికాగ్రెలార్ ఎదురుగా ఫలానా సంవత్సరం ఫలానా నెలదాకా, తర్వాత ఆపి ఆస్పిరిన్ ఒక్కటే కొనసాగించాలి అని రాస్తాం. ఆ లైను లేకపోతే వార్డు ఫార్మసిస్టు ఉత్తరం వెనక్కి పంపిస్తుంది. రాత్రి డ్యూటీ చివర్లో అలా వెనక్కి వచ్చినప్పుడు నాకు విసుగొచ్చేది. ఇప్పుడు రాదు.

మన దగ్గర డిశ్చార్జ్ కాగితంలో మందు పేరు, డోసు, రోజుకు ఎన్నిసార్లు, ఇవన్నీ ఉంటాయి. ఎప్పటిదాకా అన్న గడి మాత్రం ఖాళీగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. మా పెదనాన్న కాగితంలో "తదుపరి రివ్యూ వరకు" అని ఉంది. ఆ రివ్యూకు ఆయన వెళ్ళనే లేదు.

కడియం_పూలతోట · మే 14, ఉదయం 7:10

బాబాయిని అడిగాను అన్నా. మొదట రాజోలులో ఇంజెక్షన్ చేసి, మర్నాడు కాకినాడ పంపారట. మీరు చెప్పిందే జరిగింది. ఇన్నాళ్ళూ ఆ డాక్టర్‌ను తిట్టుకున్నాం. ఆయన ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది, మేమైనా అడిగి ఉండాల్సింది.

ఇంకో సందేహం. మనవాళ్ళకు క్లోపిడోగ్రెల్ సరిగ్గా పనిచేయదని ఎక్కడో చదివాను. నిజమేనా?

డీఎం_రెసిడెంట్ · మే 14, రాత్రి 10:25

కొందరికి. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మారితేనే పనిచేస్తుంది. ఆ మార్చే ఎంజైము జన్యువుల వల్ల కొందరిలో మందకొడిగా ఉంటుంది, దక్షిణాసియావాళ్ళలో అలాంటివారు తక్కువేమీ కాదు. 2010లో అమెరికా నియంత్రణ సంస్థ మందు పెట్టె మీదే ఈ హెచ్చరిక పెట్టించింది. అయితే ప్రతి ఒక్కరికీ జన్యుపరీక్ష చేయమని గైడ్‌లైన్స్ చెప్పడం లేదు. మందు వాడుతుండగానే స్టెంట్ మూసుకుపోయినవాళ్ళ విషయంలో దీని గురించి ఆలోచిస్తాం.

గైడ్‌లైన్స్ రాతిమీద రాతలు కావని కూడా తెలియాలి. నేను ఎంబీబీఎస్ చదివేటప్పుడు పన్నెండు నెలలు అంటే పన్నెండు నెలలే. యూరప్ వాళ్ళ 2023 గైడ్‌లైన్‌లో మూడు నుంచి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచి, ముప్పు ఎక్కువ లేనివాళ్ళకు ఒక మందుకు తగ్గించొచ్చని వచ్చింది. 2025 అమెరికా గైడ్‌లైన్ టికాగ్రెలార్ బాగా పడ్డవాళ్ళకు నెల దాటాక ఆస్పిరిన్ ఆపి టికాగ్రెలార్ ఒక్కటే ఉంచమంటోంది. అంటే ఆపేది ఎప్పుడూ రెండో మందే అవ్వాలనీ లేదు. కొరియాలో 5,438 మంది మీద చేసిన హోస్ట్ ఎగ్జామ్ అధ్యయనంలో దీర్ఘకాలం ఒక్క మందే వాడేటప్పుడు ఆస్పిరిన్ కన్నా క్లోపిడోగ్రెల్ మెరుగని తేలింది. ఇంత వేగంగా మారుతుంటే పదేళ్ళ కిందట చదువుకున్న డాక్టర్, నిన్న చదువుకున్న డాక్టర్ వేరువేరుగా చెప్పడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఇద్దరి మధ్య నలిగేది పేషెంటు కాబట్టి, కారణం చెప్పాల్సిన బాధ్యత మాదే.

మందులషాపు_నిజామాబాద్ · మే 15, ఉదయం 9:00

ఖర్చు మాట ఎవరూ అనలేదు. స్టెంట్ ధరకు 2017లో ప్రభుత్వం హద్దు పెట్టింది, మందు పూత స్టెంట్ 29,600 రూపాయలు అని. కానీ స్టెంట్ ఒకసారి కొనేది, మాత్రలు నెలనెలా కొనేవి. టికాగ్రెలార్ రాసిచ్చిన చీటీ తెచ్చి, ధర విని, పది మాత్రలు చాలు అని వెళ్ళినవాళ్ళు ఉన్నారు. జెనరిక్‌లు వచ్చాక కొంత నయం. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ పడినవాళ్ళు ఫాలోఅప్ మందుల సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. లేదంటే జనఔషధిలో క్లోపిడోగ్రెల్ చాలా చవక. డబ్బు ఇబ్బంది ఉంటే డాక్టర్‌కు సిగ్గుపడకుండా చెప్పండి. సగం మాత్రలు వాడేకన్నా, పూర్తిగా వాడగలిగే మందు రాయించుకోవడం నయం.

గుండ్లకమ్మ · మే 19, రాత్రి 8:45

ఆలస్యానికి క్షమించండి. 13నే ఫోన్ చేశాను, విడి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వెంటనే ఆపించి మర్నాడే రమ్మన్నారు. మీరందరూ చెప్పినట్టు స్వీటు డబ్బా డబ్బాగానే పట్టుకెళ్ళాం. మొదటి డాక్టర్ గారి దగ్గరికే వెళ్ళాం, స్టెంట్ వేసింది ఆయనే కాబట్టి. స్ట్రిప్పులన్నీ బల్లమీద పేర్చి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డిశ్చార్జ్ కాగితం తీసి స్టెంట్ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు.

నల్లటి విరేచనాలు లేవు గానీ, ఎండోస్కోపీ చేయిస్తే కడుపులో చిన్న పుండు ఉందని తేలింది. ఆస్పిరిన్ రెండూ ఆపేశారు. క్యాప్సూల్ తీసేసి క్లోపిడోగ్రెల్ విడిగా, రోసువాస్టాటిన్ విడిగా, పాంటాప్రజోల్ పొద్దున్నే పరగడుపున. మోకాళ్ళకు పారాసెటమాల్ మాత్రమే, డైక్లోఫెనాక్ మళ్ళీ ముట్టుకోవద్దన్నారు. క్లోపిడోగ్రెలే ఎందుకు ఉంచుతున్నారని అడిగాను. ఇలా అడగడం నాకు ఇదే మొదటిసారి. కడుపులో పుండు, బరువు తక్కువ, ఏడాది దాటింది, అందుకని అన్నారు. ఆ మూడు ముక్కలూ చీటీ మీద రాసి ఇమ్మంటే రాసిచ్చారు.

నాన్న ఇంటికొచ్చాక చీటీని గోడమీద క్యాలెండర్ పక్కన అంటించారు. పాత స్ట్రిప్పులన్నీ మెడికల్ షాపులో ఇచ్చేశాను. డబ్బాలో ఇప్పుడు మూడు రకాలే ఉన్నాయి, పారాసెటమాల్ వేరే పెట్టాను. వచ్చే నెల 14న హిమోగ్లోబిన్ మళ్ళీ చూపించాలి. రిపోర్టు రాగానే ఇక్కడ పెడతాను.